దుప్పటి రెండో కొస

“పోస్టరులో తప్పేముంది నాన్నా?” అన్నయ్య పొద్దుటి నుంచీ అదే మాట.

“తప్పేం లేదు. అమ్మ మొహం కంటే ఛైర్మన్ మొహం రెండింతలుంది. పోయిందెవరో తెలియక జనం ఆయన కోసం ఏడ్చేలా ఉన్నారు,” అన్నాను.

“నీకేం, వెటకారాలు ఎన్నైనా ఆడతావు. ఆయన కారు తోలేది నేను. ఆదివారం సంస్మరణ సభలో నాన్న ఆయన పక్కన కూర్చోకపోతే, సోమవారం నా చేతిలో తాళాలుండవు.”

వదిన వంటింట్లోంచి తొంగిచూసింది. “కాస్త గొంతులు తగ్గించండి. పక్కింటావిడ టీవీ కట్టేసి మరీ వింటోంది.”

నాన్న మంచం మీద కూర్చుని అమ్మ మందుల సంచి ఖాళీ చేస్తున్నాడు. సగం వాడిన బిళ్ళల అట్టలు ఒకవైపు, మూతైనా తీయని సీసాలు మరోవైపు. పోస్టరు వైపు చూడనే లేదు.

అమ్మ ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేసింది. ఆ ఆవిరిలోనే ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. అక్కడి ఆడవాళ్ళని సంఘంగా కూడగట్టి పార్టీలోకి తీసుకెళ్ళింది కూడా తనే. మూడేళ్ళ క్రితం, ఊళ్ళో ఆ పార్టీని నడిపే మున్సిపల్ ఛైర్మన్ ఎవరినీ అడక్కుండా లాండ్రీ యజమానితో కూర్చుని, ఆడవాళ్ళకి రాత్రి షిఫ్టు వేయడానికి ఒప్పుకొని వచ్చాడు. అమ్మ ఎదురు తిరిగింది. పదవి దక్కలేదని చిచ్చు పెడుతోందంటూ గేటు ముందు మైకులో తిట్టి, పార్టీలోంచి తీసేశారు. ఇప్పుడు ఎన్నికలు దగ్గరపడ్డాయి. అమ్మ మళ్ళీ వాళ్ళ ఆడబిడ్డ అయిపోయింది.

మధ్యాహ్నం గంజక్క వచ్చింది. లాండ్రీలో గంజి పెట్టే పని ఆమెది. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో. అమ్మతో కలిసి అక్కడే ముసలిదైంది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే గోడకి ఆనించిన పోస్టరు చూసి ఆగిపోయింది.

“దుప్పటేదీ?”

“ఏం దుప్పటి పిన్నీ?” అన్నాడు అన్నయ్య.

“ఈ ఫోటో మా షెడ్డులో తీసిందిరా. ఒక కొస మీ అమ్మ చేతిలో ఉంది, రెండో కొస నా చేతిలో ఉంది. నన్ను కోసేశారంటే సరే, నా మొహం చూసి ఓట్లు రాలవు. దుప్పటేం చేసింది వాళ్ళని?”

అప్పుడు చూశాం అందరం. అమ్మ రెండు చేతులూ ముందుకు చాచి ఉంది. పైనుంచి నవ్వుతున్న ఛైర్మన్‌ని ఏదో ఇప్పించమని అడుగుతున్నట్టుంది.

ఆ దుప్పట్లు ఒక్కరు మడతపెట్టగలిగేవి కావు. ఎవరికైనా ఏదైనా నచ్చజెప్పాలంటే అమ్మ ఒక కొస వాళ్ళ చేతికిచ్చేది. మడత మడతకీ ఇద్దరూ దగ్గరికి నడవాల్సిందే, మొహాలు చూసుకోవాల్సిందే. ఇంట్లోనూ అంతే. వదినతో ఎంత మాట పట్టింపు వచ్చినా ఉతికిన దుప్పటి తెచ్చేది. ఛైర్మన్ చివరిసారి మా ఇంటికి వచ్చినప్పుడూ కొస అందించింది. ఆయన జేబుల్లోంచి చేతులు తీయలేదు. దుప్పటి నేల మీద పడితే నాన్నే ఎత్తాడు.

నాన్న సంచి పక్కన పెట్టి లేచాడు. పోస్టరు దగ్గరికి వెళ్ళి అమ్మ చేతులకేసి చాలాసేపు చూశాడు.

“ఫోటో మార్పిస్తాలే నాన్నా, ప్రెస్సు వాడికి చెప్పి,” అన్నాడు అన్నయ్య.

“ఊరంతా అంటించాక ఏం మారుస్తావురా డ్రైవరు బాబూ,” అంది గంజక్క. తర్వాత నాన్న వైపు తిరిగింది. “బావగారూ, సభలో మావాళ్ళెవరినీ మాట్లాడనివ్వరట. చివరి వరసలో కుర్చీలు వేస్తామన్నారు, అదే మహాభాగ్యం. అందుకని ఆదివారం పొద్దున మేం షెడ్డు వెనకాల కలిసి తనని తలుచుకుందామనుకున్నాం. మైకూ లేదు, స్టేజీ లేదు. మిమ్మల్ని రమ్మని కాదు. మీకు చెప్పకుండా చేస్తే బాగుండదని వచ్చాను.”

“సభ కూడా అదే టైముకి కదా,” అంది వదిన నెమ్మదిగా.

“మాకు షిఫ్టు మారేది అప్పుడేనమ్మా.”

కాఫీ తాగి వెళ్ళిపోయింది. అన్నయ్యకీ నాకూ పోట్లాడుకోవడానికి కూడా ఓపిక లేదు. పొద్దు వాలాక భోజనాలకి కూర్చున్నాం. అమ్మ ఉన్నప్పుడు ఆ గదిలో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. ఇప్పుడు మంచినీళ్ళు మింగిన చప్పుడు కూడా వినిపిస్తోంది.

నాన్న చెయ్యి కడుక్కొని వచ్చి, కూర్చోకుండానే వదినని పిలిచాడు. “నువ్వూ రామ్మా, అందరికీ ఒకేసారి చెప్తాను.”

వదిన తడి చేతులతోనే వచ్చింది.

“ఆదివారం నేను సభ జరిగే హాలుకి రాను. షెడ్డు దగ్గరికి వెళ్తాను.”

“నాన్నా, నా ఉద్యోగం...” అన్నాడు అన్నయ్య. గొంతు చిన్నపిల్లాడిదిలా అయిపోయింది.

“తెలుసురా. ఉంచుతాడో తీసేస్తాడో నేను చెప్పలేను. నువ్వు హాలుకే వెళ్ళు, నేనేం అనుకోను. కానీ ఆయన నా గురించి అడిగితే ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పకు. రానన్నాడని చెప్పు.”