గాజు మీద కోట

పోలీసు క్యాంపులో చెప్పి రమ్మంటే వెంకటరామారావు చెప్పలేదు. చెప్పానని అబద్ధమాడాడు. అందువల్ల హైమ చనిపోయింది. బసవపున్నయ్య లెక్కలో ఇందులో వాదించడానికి ఏమీ లేదు. పొద్దు తూర్పున పొడుస్తుందా లేదా అని ఎవరూ వాదించుకోరు. ఇదీ అంతే.

బసవపున్నయ్య సినిమాలు తీసేవాడు. గొప్ప సినిమాలు కావు. మధిర పక్క పల్లెలో బడి చదువు సగంలో ఆపి, అరక పట్టడం రాదని తండ్రి చేత తిట్లు తిని, మద్రాసు రైలెక్కి ఒక స్టూడియోలో ట్రిక్కు కెమెరా పెట్టెలు మోశాడు. మోస్తూ మోస్తూ పని పట్టేశాడు. ఒక మనిషిని తెర మీద ఇద్దరుగా నిలబెట్టడం, తొట్టిలో నీళ్ళతో సముద్రం పుట్టించడం, మట్టితో కట్టిన మూరెడు ఊరిని వరదలో ముంచడం అతనికి చేతి కింది పనులయ్యాయి. డెబ్బైల్లో సొంతంగా నిర్మాత అయ్యాడు. రాజకుమారుడు, మాంత్రికుడు, రెక్కల గుర్రం ఉన్న కథలే తీసేవాడు. అతని సినిమా పోస్టరు మీద హీరో పేరు కన్నా పైన, లావు అక్షరాల్లో 'ట్రిక్కు షాట్లతో' అని ఉండేది. జనం దానికోసమే డేరా టాకీసుల్లో నేల మీద కూర్చుని చూసేవాళ్ళు.

అందులో సగం పని అతని భార్య హైమది. ఆ సంగతి పోస్టరు మీద ఉండేది కాదు. హైమ గాజు మీద బొమ్మ వేసేది. పెద్ద గాజు పలకను చెక్క చట్రంలో బిగించి కెమెరా ముందు నిలబెడతారు. ఎదురుగా నిజమైన గుట్ట ఉంటుంది. గాజు మీద, ఆ గుట్ట కొసకు సరిగ్గా ఆనేటట్టు, హైమ కోట వేస్తుంది. కెమెరాలోంచి చూస్తే గాజు కనపడదు. గుట్ట మీద కోట కనపడుతుంది. బొమ్మలో నీడ ఏ పక్క పడిందో, ఎండ కూడా ఆ పక్క నుంచే రావాలి. కెమెరా ఒక్క గింజంత కదలకూడదు. వెంట్రుక వాసి తేడా వస్తే కోట గుట్ట మీంచి జారిపోయి అందరూ నవ్వుతారు. హైమ వేసిన కోట ఎన్నడూ జారలేదు.

ఎనభైలు వచ్చేసరికి రెక్కల గుర్రాలకు కాలం చెల్లింది. అందరూ మానేశారు. బసవపున్నయ్య మానలేదు. ఇంకొక్కటి తీస్తానన్నాడు. చర్ల దాటాక అడవిలో, వాగు అవతల ఒక గుట్ట ఉంది. కొన్నేళ్ళ కిందట చూసి మనసులో పెట్టుకున్నాడు. దసరా వెళ్ళాక, వానలు తగ్గాయనుకుని, హైమతో గాజు పలకతో జీపులో అక్కడికి వచ్చాడు. గుట్ట ఉంది. గుట్ట కింద కొత్తగా పోలీసు క్యాంపు కూడా ఉంది. గుడారాలు, ముళ్ళకంచె, ఇసుక బస్తాలు, మంచె మీద తుపాకీ పట్టుకున్న కాపలావాడు.

బసవపున్నయ్య వెనక్కి పోదామన్నాడు. హైమ ఒప్పుకోలేదు. కోట గోడను కిందిదాకా దించుతానంది. క్యాంపు మొత్తం గోడ వెనక్కి పోతుందనీ, ఒక్క గుడారం కొస కూడా కనపడదనీ చెప్పింది.

అయితే క్యాంపు వాళ్ళకు ముందు చెప్పాలి. ఆ పని వెంకటరామారావుకు అప్పగించాడు. వెంకటరామారావు హైమ పెదనాన్న కొడుకు. బసవపున్నయ్యే తీసుకొచ్చి ప్రొడక్షను మేనేజరు పని ఇచ్చాడు. మద్రాసులో వాళ్ళింట్లోనే తిన్నాడు, వాళ్ళింట్లోనే పడుకున్నాడు.

ఆ రోజుల్లో ఆ అడవిలో క్యాంపు గేటు దాటడం మామూలు సంగతి కాదు. పొద్దున గేటు దాటిన మనిషి పేరు పొద్దుగూకేలోగా అడవంతా పాకేది. లోపల ఏం మాట్లాడావని నక్సలైటు అన్నలు పిలిచి అడుగుతారు. పోకపోతే, ఎందుకు తప్పించుకు తిరుగుతున్నావని పోలీసులు పిలిచి అడుగుతారు. రెండు పిలుపులకూ జనం ఒకే రకంగా వణికేవాళ్ళు. అక్కడ పొయ్యి రాజేసుకునే ముందు కూడా పొగ ఎవరి కంట పడుతుందో అని ఆలోచించేవాళ్ళు.

వెంకటరామారావు పొద్దున సైకిలు మీద వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు.

"చెప్పిన బావా. ఎస్సై మంచోడు. తీసుకోండి, మాకేం అన్నడు."

అతను వెళ్ళింది చర్లలో టీ కొట్టు దాకానే. ఆ సంగతి తర్వాత తెలిసింది.

వాగు ఇవతల మిట్ట మీద కెమెరా నిలబెట్టారు. వెంకటరామారావు చర్లలో కిరాయి గదిలో ఉండిపోయాడు. మిట్ట మీద భార్యాభర్తలూ జీపు డ్రైవరు మోతీలాలూ మాత్రమే. మోతీలాల్‌ది టేకులపల్లి దగ్గర తండా. బసవపున్నయ్య సినిమాలన్నీ చూసినవాడు. మీ సినిమాలో రాక్షసుడు అచ్చం మా మేనమామ లెక్కనే ఉన్నడు సార్, మా అత్త చూసి టాకీసులోనే మొగుణ్ణి తిట్టింది అని చెప్పి హైమను నవ్వించాడు. కాసేపటికి అతనూ నవ్వడం మానేశాడు. ఎదుటి మంచె మీద అద్దం ముక్కలాంటిది ఏదో మెరుస్తోంది. దుర్భిణీ.

"సార్, వాళ్ళు మనల్నే చూస్తున్నరు."

"చెప్పే వచ్చాం. చూడనియ్," అన్నాడు బసవపున్నయ్య.

హైమ ముందు మైనపు పెన్సిలుతో గాజు మీద క్యాంపు గీత గీసింది. కంచె ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో, మంచె ఎంత ఎత్తో, గుడారాలు ఎక్కడున్నాయో. ఏది కప్పాలో గీసుకోకపోతే గోడ ఎక్కడ వెయ్యాలో తెలియదు. ఆమె పని ఎప్పుడూ అంతే. గీత మీద రంగు పరుచుకుంటూ పోయింది. మర్నాటి నుంచే ఆమెకు చలిజ్వరం మొదలైంది. శాలువా కప్పుకుని వేసింది. ఒళ్ళంతా వణుకుతున్నా, కుంచె గాజుకు తగిలిన క్షణం చెయ్యి మాత్రం నిలిచేది. కోట అయిపోయింది. ఒక మూల, షాటులోకి రాని చోట, కొలతకు గీసుకున్న గీతలు తుడవడం మిగిలింది. అప్పటికి హైమ కళ్ళు ఎర్రగా, ఒళ్ళు పెనంలా ఉంది. షాటు సంగతి తర్వాత, భద్రాచలం దవాఖానాకు పోదామని బసవపున్నయ్య సామాను సర్దమన్నాడు.

పోలీసులు వెనక నుంచి వచ్చారు. చెట్ల చాటున ఎప్పుడు చుట్టేశారో తెలియలేదు. జీపులో పొగ మందు డబ్బాలు, బ్యాటరీ, వైరు చుట్ట దొరికాయి. మాంత్రికుడి గుహ కోసం తెచ్చినవి. గాజు మూల మీద క్యాంపు మంచె, కంచె, గుడారం గీతలు దొరికాయి.

ఎస్సై చిన్న వయసువాడు. వారం కిందట ఇంకో దారిలో మందుపాతర పేలి అతని తోటివాళ్ళు పోయారు. టీ వస్తే వంటవాడు ఒక గుక్క తాగాకే తాను తాగేవాడు. గాజు మీది గీతల వైపు, వైరు చుట్ట వైపు మార్చి మార్చి చూశాడు.

"ఏందిది?"

బసవపున్నయ్య చెప్పాడు. సినిమా అన్నాడు, కోట అన్నాడు, గుట్ట అన్నాడు. తన గొంతు తనకే అబద్ధంలా వినపడింది. మా మేనేజరు వచ్చి మీకు చెప్పాడు కదా అన్నాడు.

"ఎవడూ రాలే."

వెంకటరామారావు అబద్ధమాడాడని ఆ రెండు మాటలతో బసవపున్నయ్యకు తెలిసింది. అందరినీ క్యాంపుకు తీసుకెళ్ళి జీపు గేటు లోపల నిలబెట్టారు. వెనక సీట్లో హైమ ముడుచుకుని పడుకుని ఉంది. మనిషికి జ్వరం, దవాఖానాకు పంపండి, నన్ను ఉంచుకోండి అని చేతులు జోడించాడు.

"జ్వరం గూడ ట్రిక్కేనా?" అన్నాడు ఎస్సై. వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు. అదే బసవపున్నయ్యను ఎక్కువ భయపెట్టింది. వెటకారం చేసేవాణ్ణి బతిమాలవచ్చు. భయపడినవాణ్ణి ఏం చేస్తాం.

చర్ల నుంచి వెంకటరామారావును పట్టుకొచ్చారు. గేటు బయట దారి పక్కన గూడెం మనుషులు నలుగురైదుగురు నిలబడి చూస్తున్నారు. వెంకటరామారావు వాళ్ళను చూశాడు. లోపల తుపాకులను చూశాడు. జీపు వైపు మాత్రం చూడలేదు. బసవపున్నయ్య అతని ముఖం చూసి కాస్త కుదుటపడ్డాడు. సొంత మనిషి వచ్చాడు. ఒక్క మాట చెపితే చాలు. చెల్లెలు భద్రాచలం చేరుతుంది.

వీళ్ళెవరని ఎస్సై అడిగాడు.

"కిరాయికి పని చేసే మనిషిని సార్. గదులు, కూరగాయలు చూస్త. ఈ గాజు పని నాకు తెల్వదు."

"వీళ్ళు నీకేమైతరు?"

"ఏం కారు సార్. చుట్టరికం లేదు."

జీపు నాలుగు బారల దూరంలో ఉంది. హైమ కళ్ళు తెరిచే ఉన్నాయి. బసవపున్నయ్య చూశాడు. ఆమె అన్న వైపు చూసి, నెమ్మదిగా శాలువా ముఖం మీదికి లాక్కుంది.

వెంకటరామారావును వదిలేశారు. సైకిలు కూడా తీసుకోకుండా నడిచి వెళ్ళిపోయాడు.

ఇక బసవపున్నయ్య దగ్గర మిగిలింది తన పని ఒక్కటే. చూపిస్తానన్నాడు. ఒక్కసారి కెమెరాలో చూస్తే మీకే అర్థమవుతుంది, తర్వాత మీ ఇష్టం అన్నాడు. ఎస్సై సరేనన్నాడు. మళ్ళీ మిట్ట ఎక్కారు. బసవపున్నయ్య వీపుకు తుపాకీ ఆనుతూనే ఉంది. గాజును పాత గుర్తుల మీద నిలబెట్టాడు. కెమెరా వెనక నల్లగుడ్డ కట్టాడు. గాజు కుదిరింది. ఎండ కూడా హైమ వేసిన నీడలు ఎటున్నాయో అటే వాలింది.

ఎస్సై ఒక కన్ను మూసి చూశాడు. గుట్ట నిండా కోట. బురుజులు, పెద్ద దర్వాజా, వాగు దాకా దిగిన రాతి గోడ. క్యాంపు లేదు. కన్ను తీసి గాజు పక్కనుంచి చూశాడు. క్యాంపు ఉంది. మళ్ళీ కన్ను పెట్టాడు. లేదు. గేటు దగ్గర ఉన్న కానిస్టేబుల్‌ను చేతులు ఊపమని కేక పెట్టించాడు. అతను రెండు చేతులూ ఊపాడు. కెమెరాలో రాతి గోడ కదలలేదు. గోడ వెనక మనిషి లేడు.

బసవపున్నయ్య బతుకులో అంత బాగా కుదిరిన షాటు లేదు. ఫిల్ము తిరగలేదు గాని కుదిరింది. అతనికి ఒక్క క్షణం ఆశ పుట్టింది.

ఎస్సై కెమెరా నుంచి వెనక్కి జరిగాడు.

"ఉన్న మనుషుల్ని లేకుంట చేస్తున్నవ్," అన్నాడు. "నిన్ను నేను ఎట్ల నమ్మాలె?"

గాజును అక్కడే బూటుకాలితో తన్నించాడు. కోట ముక్కలై వాగు ఒడ్డున రాళ్ళలో పడింది. ఖమ్మం నుంచి పెద్దవాళ్ళు చెప్పేదాకా ఎవరూ కదలడానికి లేదన్నాడు. మోతీలాల్ జీపు తలుపు పట్టుకుని, అమ్మను ఒక్కదాన్నే తీసుకపోత, నా పానం మీది సార్, మీరు ఎన్క జవాన్ను కూసోబెట్టుర్రి అని అడిగాడు. దారి మీద మందుపాతర ఉంటే ఆ జవాను కూడా పోతాడని ఎస్సై భయం. ఎవరి భయం వాళ్ళది. ఆ భయాలన్నిటి బరువు తీసుకొచ్చి హైమ మీద పెట్టారు.

మర్నాడు వైర్లెస్సులో మాట వచ్చింది. సినిమావాళ్ళే, వదిలెయ్యమని. ఎస్సై జీపు తాళం తెచ్చి మోతీలాల్ చేతిలో పెట్టి పక్కకు తిరిగాడు.

దారి పొడుగునా గుంతలు, వాగులు. బసవపున్నయ్య వెనక సీట్లో హైమ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జీపు ఎగిరినప్పుడల్లా తల తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె మధ్యమధ్య మాట్లాడింది, మధ్యమధ్య ఏదో గొణిగింది. ఒకసారి తెలివిగానే అడిగింది.

"గాజు ఏం చేశారు?"

"వెనక ఉంది. గుడ్డ చుట్టి పెట్టా."

"ఎండ తగలనీకండి. రంగు పగులుద్ది."

"తగలనియ్యను."

ఇరవై ఏళ్ళు ట్రిక్కులతో బతికిన మనిషి చేసిన ఆఖరి ట్రిక్కు అది. అది కూడా కుదిరింది. ఆమె నమ్మింది.

కొంతసేపటికి, "అన్నయ్య భయపడ్డాడు. అంతే," అంది.

బసవపున్నయ్య శాలువా ఆమె భుజాల మీదికి లాగాడు. తానూ భయపడ్డాడు. మోతీలాలూ భయపడ్డాడు. కాని మోతీలాల్ జీపు తలుపు వదలలేదు.

భద్రాచలం ఇంకా రాకముందే ఒళ్ళోని తల బరువెక్కింది. మోతీలాల్‌కు చెప్పలేదు. చెపితే జీపు ఆపేస్తాడు. ఆపకుండా పోనిమ్మన్నాడు.

ఆ తర్వాత బసవపున్నయ్య సినిమా తీయలేదు. మద్రాసు వదిలేశాడు. ఖమ్మం ఊరి చివర, ఖానాపురం హవేలిలో రెండు గదుల ఇల్లు కట్టుకుని ఒక్కడే ఉన్నాడు. కిటికీలకు గాజు పెట్టించలేదు. చెక్క రెక్కలే.

చాలా ఏళ్ళు గడిచాక ఒక సాయంత్రం షేర్ ఆటోలోంచి వెంకటరామారావు దిగాడు. జుట్టు నెరిసింది, నడుం వంగింది. బసవపున్నయ్య రమ్మనలేదు, పొమ్మనలేదు. అతనే వచ్చి గడప పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు ట్రిక్కులన్నీ కంప్యూటర్లోనే చేస్తున్నారని, గాజులూ తొట్టెలూ ఎవరికీ అక్కర్లేదని, ఎవరో కుర్రవాళ్ళు బసవపున్నయ్య ఎక్కడున్నాడని అడిగారని చెప్పుకుంటూ పోయాడు. ఆ మాటలు అయిపోయాయి. అసలు దానికి వచ్చాడు.

"నిద్ర పడ్తలేదు బావా. కండ్లు మూస్తే ఆ శాలువా. ఆనాటి సంగతి ఒక్కసారి మాట్లాడుకుందాం. తిట్టు, కొట్టు. ఏదో ఒకటి అను."

బసవపున్నయ్య వీధి వైపు ముఖం తిప్పుకున్నాడు.

"నువ్వు ఆనాడు చుట్టరికం లేదన్నావ్," అన్నాడు. "సరేనని ఒప్పుకున్నా. చుట్టరికం లేని మనిషితో నా ఇంటి సంగతి మాట్లాడను. ఇంకెవరితోనూ మాట్లాడను. ఇదే ఆఖరు."

లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బయట వెంకటరామారావు చీకటి పడేదాకా కూర్చున్నాడు. తలుపు తెరుచుకోలేదు. ఆ తర్వాత ఆనాటి సంగతి ఎవరు ఎత్తినా బసవపున్నయ్య లేచి వెళ్ళిపోయేవాడు. మోతీలాల్ ఎత్తినా అంతే.