సామంతికి పెట్టిన కుక్క మందు

శ్రీరంగకు కుక్కల సంగతి తెలియదని చెప్పే ధైర్యం తమిళనాడులోని రాజపాళయంలో ఎవరికీ లేదు. చెప్పినా ఆయన వినడు, అది వేరే సంగతి. నలభై ఏళ్లుగా తెల్ల వేటకుక్కల్ని పెంచుతున్న మనిషి. కుంటే కుక్కో, చెవి గోక్కునే కుక్కో రోజూ ఒకటి ఆయన అరుగెక్కవలసిందే. తెచ్చినవాళ్లు "అయ్యా" అని చేతులు కట్టుకుని నిలబడితే, ఈయన మీసం దువ్వుకుంటూ మందు చెబుతాడు. చాలాసార్లు నయమయ్యేది కూడా. ఆ నయమవడమే కొంప ముంచింది.

అదే ఇంట్లో ఆయన అక్క చెల్లమ్మ ఒక పసుపు పిల్లిని పెంచుకుంటోంది. పేరు సామంతి. మూడు నెలల కిందట దాని చెవుల అంచున చిన్న పొక్కులు లేచి పెచ్చులు కట్టాయి. తర్వాత ముక్కు మీదికి పాకాయి. ఆ తర్వాత పాదాలు. పిల్లి బియ్యం డ్రమ్ము వెనక నక్కి కూర్చోవడం మొదలుపెట్టింది.

"గజ్జి," అన్నాడు శ్రీరంగ దూరం నుంచే. "కుక్కల్లో వెయ్యి చూసినా."

"గోళ్ల మొదట్లో చీము వస్తా ఉంది తమ్ముడూ, పెరుగు మాదిరి. రెండు దినాలుగా చేపను కూడా ముట్టలేదు. నివేదిత కాడికి తీసుకుపోదాం."

నివేదిత వాళ్ల బంధువుల అమ్మాయే. పశువైద్యం చదివి బస్టాండు దగ్గర క్లినిక్ పెట్టి రెండేళ్లయింది. ఆ పేరు వింటేనే శ్రీరంగకు ఒళ్లు మండుతుంది.

"ఆ పిల్ల చదివింది పుస్తకం. నేను చదివింది కుక్కని. పో అక్కా, పోయి పని చూసుకో."

చెల్లమ్మ లోపలికి వెళ్లిపోయింది. తమ్ముడి మాట కాదనడం ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

ఆదివారం పొద్దున ఆమె తళవాయిపురంలో ఒక సీమంతానికి బయలుదేరుతోంది. ఆమె జడ వేసుకునే లోపల శ్రీరంగ తన పెట్టె తెరిచి, కుక్కల మెడ మీద వేసే పిడుదుల మందు ట్యూబు తీశాడు. గజ్జికీ ఆయన అదే వాడతాడు. పెద్ద కుక్కకు మొత్తం ట్యూబు, పిల్లకుక్కకు సగం. పిల్లికి పావు చాలు. లెక్క చక్కగా కుదిరింది. సామంతిని మెడ పట్టి ఎత్తి, వెంట్రుకలు పాయ తీసి వేశాడు. అక్క తిరిగొచ్చేసరికి గజ్జి మాడిపోతుంది, డాక్టరు ముచ్చట తీరిపోతుంది అనుకున్నాడు. పాపం, మంచే చేద్దామనుకున్నాడు, కాదనలేం.

పన్నెండు దాటాక సామంతి చెవులు వాటంతట అవే అదరడం మొదలుపెట్టాయి. కాసేపటికి నోటి నుంచి సొంగ. తర్వాత కాళ్లు, వెన్ను, తోక, ఒళ్లంతా వణుకు. లేవబోయి పక్కకు పడింది. శ్రీరంగకు పైప్రాణాలు పైనే పోయాయి. అక్క ప్రాణమంతా ఈ పిల్లి మీదే పెట్టుకుని ఉంది. ఆమె వచ్చేలోపల ఇది పోతే ఏ ముఖం పెట్టుకుని ఎదురు వెళ్లాలి? మామిడిపండ్ల ప్లాస్టిక్ పెట్టెలో గుడ్డ పరిచి, పిల్లిని పడుకోబెట్టి, మోపెడ్ ముందర పెట్టుకుని క్లినిక్కు పరిగెత్తాడు.

అక్కడ బెంచీ మీద తమిళ్సెల్వన్ కూర్చుని ఉన్నాడు. పోయిన ఏడాది శ్రీరంగ దగ్గర కుక్కపిల్లను కొన్నవాడు. చూడగానే లేచి నిలబడ్డాడు.

"అయ్యా, నీంగళా?" అన్నాడు. తమరే ఇక్కడికి రావలసి వచ్చిందా అని అతని ఆశ్చర్యం.

నివేదిత పిల్లిని చూసి మాటలు పెట్టుకోలేదు. బల్ల మీద పడుకోబెట్టి, కాలికి సూది గుచ్చి మందు ఎక్కించింది. వణుకు కొంచెం తగ్గింది.

"ఏమి పెట్టినారు మామా?"

"ఏమీ లేదు."

"ఒంటికి ఏమైనా పూసినారా? నూనె, పౌడర్, ఏదైనా?"

తలుపు తెరిచే ఉంది. తలుపులో తమిళ్సెల్వన్ చేతులు కట్టుకుని, కళ్లు విప్పుకుని చూస్తున్నాడు.

"ఏమీ పూయలేదు. తోటలోకి పోయి ఏదో తినుంటుంది. పురుగుమందు కొట్టినారు అక్కడ."

"నిజంగానా? పురుగుమందైతే దాని విరుగుడు సూది వేరే. పురుగుమందు కాకుండా ఆ సూది వేసినామంటే గుండె ఓర్చదు." ఆమె అలమర తెరిచి ఒక చిన్న సీసా తీసింది. అంతలోనే సామంతి మళ్లీ విల్లులా వంగింది. పళ్లు కొరుకుతోంది. నివేదిత దాని జ్వరం చూసి పెదవి కొరుక్కుంది. "ఇంత వేడి ఇంకొంచెంసేపు ఉంటే తట్టుకోలేదు. మామా, ఆఖరుసారి అడుగుతా. చర్మం మీద ఏదన్నా ఉంటే అది లోపలికి దిగుతానే ఉంటుంది. కడగాలంటే నాకు తెలియాల."

చెప్పేస్తే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. కుక్కల శ్రీరంగ పిల్లిని చంపుకున్నాడట అని టీకొట్లో నవ్వుతారు. నలభై ఏళ్ల పేరు. చెప్పకపోతే ఆ సూది ఎక్కుతుంది. ఆమె సీసాలో సూది గుచ్చి మందు లాగుతోంది. సామంతి కళ్లు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడటం లేదు.

"ఆపమ్మా!" అన్నాడు. "నేనే. కుక్క మందు. మెడ మీద వేసేది. పొద్దున ఎనిమిదికి. పావు వంతే వేసినా."

నివేదిత సూది కింద పెట్టేసింది.

"పిల్లి చిన్న కుక్క కాదు మామా. కుక్క ఒళ్లు ఆ మందును అరిగించుకుంటుంది. పిల్లికి ఆ శక్తి లేదు, చుక్కైనా విషమే. డబ్బా మీద పిల్లి బొమ్మేసి ఎర్రగీత కొట్టుంటారు, చూడలేదా?"

డబ్బాను ఎప్పుడో పారేశాడు. చూసినా చదివేవాడు కాదు.

ఆమె వణుకును అణచే మందు మళ్లీ ఇచ్చి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపింది. "తలను పట్టుకోండి. ముక్కులోకి నీళ్లు పోకూడదు." శ్రీరంగ పట్టుకున్నాడు. తడిసిన సామంతి పిడికెడంత మిగిలింది. ఇంత చిన్నదానికా నేను కొలత వేసి మందు పెట్టింది అని ఆయనకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. తలుపులో ఉన్న తమిళ్సెల్వన్ ఎవరూ అడక్కుండానే వచ్చి పొడి తువ్వాలు అందించాడు.

నాలుగింటికి వణుకు చెవుల వరకే మిగిలింది. నివేదిత అప్పుడు పెచ్చులు గీకి, గాజు పలక మీద పూసి, మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది.

"గజ్జి పురుగు ఒక్కటీ లేదు. దీని ఒంట్లో కాపలా కాసే శక్తే తిరగబడి సొంత చర్మాన్ని కొరుకుతా ఉంది అనుకుంటా. చెవులు, ముక్కు, గోళ్ల మొదళ్లు, మూడూ ఒకేసారి చెడినాయంటే అనుమానపడాల. చిన్న ముక్క కోసి మదురై పంపితే ఖాయంగా తెలుస్తుంది. రక్తం కూడా చూడాల. మాత్రలతో అణచిపెట్టవచ్చు. కానీ నెలల తరబడి పడుతుంది, బాగయిందని మనంతట మనం ఆపకూడదు. ముందు ఈ విషం నుంచి గట్టెక్కాల. రేపటిదాకా నేను మాట ఇవ్వలేను."

చెల్లమ్మకు ఫోను చేసింది నివేదితే. ఆమె బస్సు దిగి నేరుగా వచ్చింది, చేతులకు సీమంతంలో వేసిన గాజులు ఇంకా ఉన్నాయి. బల్ల దగ్గర నిలబడి సామంతి పొట్ట ఎగిసిపడటం చూసింది. పిల్లి తల ఎత్తలేదు. చెవి మాత్రం ఆమె వైపు తిరిగింది.

శ్రీరంగ లేచాడు. "అక్కా, నేనే పెట్టినా. కుక్క మందు. నీకు చెప్పకుండా పెట్టినా. డాక్టరమ్మ అడిగితే ముందు అబద్ధం కూడా చెప్పినా."

చెల్లమ్మ అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండేది.

"పొద్దున నేను చూసినా తమ్ముడూ," అంది. "పోయేటప్పుడు దాన్ని ఎత్తుకుంటే మెడ మీద జిగటగా ఉండె. ఏమిటని అడగాలనుకున్నా. నువ్వు పెట్టినావంటే సరిగానే ఉంటుందిలే అని బస్సు ఎక్కినా."

నలభై ఏళ్లుగా ఊరు తనను నమ్మినందుకు గర్వపడినవాడు, అక్క నమ్మినందుకు తల దించుకుని నిలబడ్డాడు.

చెల్లమ్మ కొంగుతో పిల్లి మూతి తుడిచింది. తర్వాత నివేదిత చేతిలోంచి మందుల చీటీ తీసుకుంది. తమ్ముడికి ఇవ్వలేదు. రవికెలో దోపుకుంది.

"ఇంకమీద నేను అడుగుతా," అంది, ఆయన వైపు చూడకుండానే. "నువ్వు కోపపడినా అడుగుతా."

"అడుగక్కా," అన్నాడు శ్రీరంగ.