తజుకో పాతుకుపోయిన చోటు

కుమగయా పట్టణంలో ఆగస్టు వచ్చిందంటే ఉదయం ఏడింటికే గచ్చు కాలడం మొదలవుతుంది. అందుకని తజుకో ఐదున్నరకల్లా వృద్ధాశ్రమానికి వచ్చి నీళ్ళగొట్టం చుట్ట విప్పేది. ముందు పడమటి గేటు పక్కనున్న మేపుల్ చెట్టుకు, తర్వాత దారివెంట పొదలకు, ఆఖరున లోపలి పెరట్లో ఉన్న చినగోరింటకు నీళ్ళు పెట్టేది. ఆ తర్వాత చీపురు పట్టుకునేది. శరత్కాలం దాకా చెట్టున ఉండాల్సిన మేపుల్ ఆకుల్ని నడివేసవిలో ఊడ్చాల్సి రావడమే ఆమెకు కడుపుమంట.

తజుకో ఆ ఊళ్ళో తోటలు చూసే కంపెనీలో ఇరవై ఆరేళ్ళుగా పని చేస్తోంది. పనిలో వంక పెట్టడానికి లేదు. కోపమొస్తే మాత్రం ఆమె మడమల్లోంచి చెట్టుకున్నట్టు వేళ్ళు దిగేవి. అన్యాయపు మాట చెవిన పడగానే బూట్ల అడుగు చీల్చుకుని నేలలోకి పోయేవి, ఆమె ఉన్నచోటే నిలబడిపోయేది. లారీ నడిపే గెన్జో మొద్దు అంచున్న చిన్న పారతో వచ్చేవాడు. "కాస్త తమాయించుకో చెల్లెమ్మా, ఇంకా మూడిళ్ళు మిగిలున్నాయి" అంటూ చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా పైకెత్తి లారీ ఎక్కించేవాడు. కోపం దిగాక ఆ వేళ్ళు వాటంతటవే ఎండి రాలిపోయేవి. కంపెనీ అందరికీ ఏడాదికి రెండు జతల బూట్లిస్తే ఆమెకు ఆరు జతలిచ్చేది.

గేటు దగ్గరి మేపుల్ అసలు కియోగారిది. ఆవిడ యాభై ఏళ్ళపాటు ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే దుకాణం నడిపి, ఎనభై నాలుగో ఏట మోకాళ్ళు మొరాయిస్తే ఆశ్రమంలో చేరింది. చేరేటప్పుడు ఒక్కటే అడిగింది. దుకాణం వెనక గోడనీడన పెరిగిన తన మేపుల్ తనతో రావాలి, తన కిటికీలోంచి కనబడాలి. సరేనన్నారు. ఆవిడ కిటికీ లోపలి పెరటివైపు ఉంది.

తోట ప్లాను గీసింది మాత్రం కంపెనీకి కొత్తగా వచ్చిన మేనేజరు సుదో. మార్చిలో చెట్లు దించే రోజున తజుకో ఆ ప్లాను చూసి ఉలిక్కిపడింది.

"సుదో సారూ, రెండు చెట్లూ తారుమారయ్యాయి. మేపుల్‌కు పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం నీడ ఉండాలి. దాని వేళ్ళు పైపైనే పాకుతాయి, నేల కాలితే చెట్టు కాలినట్టే. గేటు ముందంతా తారు కదా! చినగోరింట అలా కాదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండ తాగితేనే పూస్తుంది. పెరటి నీడలో పెట్టారంటే పువ్వు రాదు, ఆకు మీద తెల్లబూజు వస్తుంది."

"ఎర్రటి మేపుల్ పక్కన గేటు ఫొటో ఎలా ఉంటుందో మీకు తెలీదు తజుకో గారూ."

"ఆకులుంటే కదా సార్ ఫొటో!"

ఆ రోజు గెన్జో ఆమెను రెండుసార్లు తవ్వి తీశాడు. చెట్లు మాత్రం సుదో గీసిన చోటే పాతారు. అది చాలదన్నట్టు అతను చినగోరింట కొమ్మల్ని మొదలంటా నరికించాడు. కియోగారు కిటికీలోంచి చూసి, "దీనికెవడే ఇలా గుండు కొట్టింది? నా దుకాణంలో అయితే రెండో రోజే పనిలోంచి తీసేసేదాన్ని" అంది.

జులై నెలాఖరుకు మేపుల్ ఆకుల అంచులు మాడి గోధుమరంగుకు తిరిగాయి. ఆగస్టు రెండో వారంలో ఆశ్రమం పెద్ద ఒగాతా మేడమ్ చెట్టు మాడిపోతోందని కంపెనీకి ఫోను చేసింది. ఆ మర్నాడు పదకొండింటికి సుదో ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. తజుకో మేపుల్ పక్కన ఊడుస్తోంది.

"ఇక్కడ సంతకం బదులు మీ పేరు ముద్ర వెయ్యండి. లాంఛనమే."

ఆమె చదివింది. నీళ్ళు పెట్టడంలో తన నిర్లక్ష్యం వల్లే చెట్టు పాడైందనీ, అందుకు చింతిస్తున్నాననీ ఆమె మాటగా రాసి ఉంది.

తజుకో కాగితం తిరిగి అతని చేతిలోనే పెట్టేసింది. ఈసారి సన్నవేళ్ళు కాదు, తల్లివేరే దిగింది. బూట్లు పటపట చిట్లాయి. గెన్జో పరుగున వచ్చి మోకాలిలోతు తవ్వాడు, చెయ్యి పెట్టి చూశాడు, పార పక్కన పెట్టేశాడు. "దీన్ని తెంపితే మనిషి దక్కదు సార్."

"అయితే ముద్ర వేసేదాకా అక్కడే ఉండనివ్వండి" అన్నాడు సుదో.

ఒగాతా మేడమ్ బయటికొచ్చి చూసి, అరగంటకోసారి ఆమెకు నీళ్ళు పొయ్యమని పనివాళ్ళకు చెప్పింది. ఎవరో గొడుగు తెస్తే తజుకో తోసేసింది. "ఈ చెట్టుకు లేని గొడుగు నాకెందుకు?"

మూడింటికి కియోగారు చక్రాల కుర్చీలో గేటు దగ్గరికి వచ్చింది. తజుకో పెదవులు పగిలిపోయాయి. చెవుల అంచులు అచ్చం ఆ మేపుల్ ఆకుల్లాగే గోధుమరంగుకు మాడాయి.

"ఎన్ని బకెట్లు పోశారు దీనికి?"

"ఎనిమిది, బామ్మగారూ" అంది పనమ్మాయి.

కియోగారు సుదోవైపు కుర్చీ తిప్పింది. "ఏం బాబూ, ఎనిమిది బకెట్లు పోస్తే మనిషి ఇలా అయింది. దీనికీ నీళ్ళు పెట్టలేదనే రాస్తావా?"

"మీకు తెలీదు. చెట్టు వేరు, మనిషి వేరు."

"ఆ వేరే ఇక్కడుంది, కళ్ళు పెట్టుకు చూడు!"

ఒగాతా మేడమ్ సుదో చేతిలోంచి కాగితం తీసుకుని నిలబడే చదివింది. చదివి, మడిచి, తన జేబులో పెట్టుకుంది. స్టోరు గదిలోని రెల్లు తడకలన్నీ తెప్పించి మేపుల్‌కు పడమటి పక్కన కట్టించింది. చెట్టు మీద నీడ పడ్డాకే తజుకో తన మీద పడనిచ్చింది.

సుదో తప్పయిందని అనలేదు. ఐదింటికి గడియారం చూసుకుని, "కంపెనీ మనుషులంతా లారీ ఎక్కాలి. ఎక్కనివాళ్ళు పని మానేసినట్టు రాసుకుంటాం" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళు! తజుకో కింద నేల పగుళ్ళిచ్చింది. వేరు ఇంకో జానెడు దిగింది.

"రాసుకోండి" అంది ఒగాతా మేడమ్ నెమ్మదిగా. "మా నేలలో వేళ్ళూనింది మాదవుతుందనీ, ఆపైన దాని మంచిచెడ్డలు మావేననీ మన ఒప్పందంలో మీరే రాశారు. ఈవిడ ఇక మా మనిషి."

"అది చెట్ల కోసం రాసింది!"

"చెట్లు అన్న మాట అందులో లేదు."

సుదో విసురుగా వెళ్ళి కారెక్కాడు. గెన్జో లారీ తిప్పుకుంటూ, అవసరం లేకపోయినా, మూడుసార్లు హారను కొట్టాడు.

తజుకో నాలుగు రోజులు అక్కడే ఉంది. ఐదో రోజు పెద్దవాన కురిశాక వేరు పట్టు వదిలింది. ఆమె కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి ఆశ్రమం తోటమాలిగా ఆమె పేరు సిబ్బంది పేర్ల పలక మీద రాసి ఉంది.

రెండు చెట్లనూ ఒకేసారి మార్చడానికి ఆమె ఒప్పుకోలేదు. మేపుల్‌ను ఆకులన్నీ రాలి చెట్టు నిద్రపోయాక, డిసెంబరులో తవ్వించి పెరట్లోకి చేర్చింది. మొదలు చుట్టూ గడ్డి పరిచింది. చినగోరింటకు చలి పనికిరాదని, మంచు భయం పోయేదాకా ఆగి, ఏప్రిల్లో గేటు దగ్గరికి తెచ్చింది. ఆ వారమే మేపుల్‌కు చిగుళ్ళు విచ్చాయి, పసిపిల్లల గోళ్ళంత, ఎర్రగా.

కియోగారు కిటికీలోంచి చెయ్యి చాపింది. "ఈ కొమ్మ కొంచెం అడ్డదిడ్డంగా ఉందే. కత్తెర ఇలా ఇవ్వు."

"ఈ ఏడాది ఒక్క పుల్ల కూడా ముట్టుకోకూడదు. బతికిందే గొప్ప."

"సరేలే. వాళ్ళు తప్పయిందని చెప్పారా నీకు?"

"లేదు. నెలనెలా ఒకటో తారీఖున కంపెనీకి ఉత్తరం రాస్తున్నాను. ఆ కాగితం అబద్ధమని రాసిమ్మని అడుగుతున్నాను. ఇప్పటికి ఎనిమిదయ్యాయి. జవాబు లేదు."

"మర్యాదగా రాస్తున్నావా?"

"మర్యాదగానే."

"అదే నువ్వు చేసిన తప్పు" అంది కియోగారు. బల్ల సొరుగు లాగి, కళ్ళజోడు పెట్టుకుని, చేతులు రెండుసార్లు రుద్దుకుంది. "కాగితం ఇటు తే. తొమ్మిదోది నేను రాస్తాను."