ఏటి మీది గది

మా ఇంటి ముందుగదులు పాత ఒడ్డు మీద ఉన్నాయి. వెనకగది మాత్రం ఏటి మీద ఉంది. మా మామగారి చిన్నప్పుడు ఏరు అక్కడ మెలిక తిరిగి పారేదట. నగరం పెరిగాక దాన్ని తిన్నగా సిమెంటు కాలువలోకి మళ్లించి, పాత మెలికను రాళ్లతో, మట్టితో పూడ్చి ఇళ్లు కట్టారు. ఇప్పుడు ఆ పూడిక తవ్వి ఏటిని మళ్లీ పాతదారిన పంపుతామంటున్నారు. అడ్డొచ్చే గదులు వదులుకోవడానికి వీధిలో అందరూ ఒప్పుకున్నారు. మొండికేసింది నేనొక్కదాన్నే.

వెనకగది మావారి పనిగది. ఆయన వడ్రంగి. పోయిన శీతాకాలంలో పోయారు. ఆయన ఒక పక్క చిత్రిక పడుతుంటే, అక్కడే బల్ల దగ్గర కూర్చుని నేను బడిపిల్లల పేపర్లు దిద్దుకునేదాన్ని. గది ఇవ్వనని అడగవచ్చినవాళ్లకు చెప్పి పంపేశాను.

ఈసారి మా మరిది వచ్చాడు. బస్సు నడుపుతాడు. గది సంగతి ఎత్తలేదు. చెమ్మకు బల్ల పాడవుతుంది, ముందుకు తెచ్చుకోమన్నాడు. ఇద్దరం మోసుకొచ్చి కిటికీ దగ్గర వేశాం. ఎర్రకలం దాని మీద పెట్టాను. దొర్లి కింద పడింది. తీసి పెట్టాను. మళ్లీ పడింది.

"నేను డ్యూటీ దిగి తిన్నగా వచ్చాను వదినా. తాగింది బల్లే" అన్నాడు.

చాలా రోజులకు నవ్వొచ్చింది.

అతను వంగి చూశాడు. ఒకవైపు కాళ్లు రెండూ పొడుగు, రెండోవైపువి పొట్టి. వానలు వెలిసినప్పుడల్లా మావారు బల్లను తిరగేసి కాళ్లు చెక్కడం నేనెరుగుదును. నునుపు చేస్తున్నారనుకున్నాను. వెనకగది కింద పూడ్చిన మట్టి ఒకపక్కకు కుంగుతూనే ఉందన్నమాట. ఆ నేల మీద ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. అది ఎంత దిగితే బల్లను అంత దింపారు.

మరిది వెళ్లి రంపం తెచ్చాడు.

"అన్నయ్య చేతిపని వదినా. కొయ్యమంటారా?"

"కొయ్యి. ఏ నేలకు తగ్గట్టు ఆ నేలకు ఆయనే కోసేవారు."

గది ఇస్తున్నానని ఆ అడగవచ్చినవాళ్లతో చెప్పమన్నాను. ఆయన పనిముట్లు ముందుకు తెచ్చుకునేదాకా ఆగమన్నాను.

అతను బల్లను పక్కకు వాల్చి రంపం ఆనించాడు. కదలకుండా నేను రెండు చేతులతో పట్టుకున్నాను.