మొదటి ఈల

మ్యాట్నీ వదిలేసరికి వీరాంజనేయులుకి కాళ్లు పీక్కుపోతున్నాయి. పొద్దున పదింటి నుంచి నిలబడే ఉన్నాడు. మార్కాపురం మే నెల ఎండకి హాలు పైరేకులు కాలిపోతున్నాయి. ఏసీ అన్నది టిక్కెట్టు మీద మాటే తప్ప లోపల చొక్కాలు వీపులకి అతుక్కుపోతున్నాయి. తలుపులు రెండూ బార్లా తీసి పక్కకి జరిగాడు. జనం ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటూ బయటికొస్తున్నారు. ఇద్దరు కుర్రాళ్లు చేతులు పట్టుకుని, తెర మీద విన్న మాటల్ని సాగదీసి అంటుంటే వెనకున్నవాళ్లు కేకలు పెడుతున్నారు. పోతూ పోతూ ఒకడు వీరాంజనేయులు భుజం మీద చరిచాడు.

"అదరగొట్నావ్ మామా! నీ ఈల లేకుంటే ఈ బొమ్మలో ఏముండాది?"

వీరాంజనేయులు నవ్వినట్టు పెదాలు కదిపాడు. అతను ఆ హాల్లో గేటు మనిషి. టిక్కెట్లు చింపుతాడు, తలుపులు తీస్తాడు, వేస్తాడు. ఊళ్లో అతన్ని ఈల ఆంజనేయులు అంటేనే గుర్తుపడతారు. నెలకి తొమ్మిది వేలు జీతం. ఈల వేసిన ఆటకి రెండొందలు అదనం.

ఈలకి డబ్బులివ్వడమేమిటని బయటి ఊరివాళ్లకి వింతగా ఉంటుంది గాని ఇక్కడ అది మామూలే. ఈ హాల్లో మొదటి ఈల గేటు మనిషిది. పూర్వం రీళ్ల కాలంలో బొమ్మ మసకబారితే గేటు దగ్గర నిలబడ్డవాడు ఈల వేసేవాడు. పైన చిన్న గదిలో ఉన్న ఆపరేటరు అది విని బొమ్మ సరిచేసేవాడు. జనం కూడా ఆ ఈల వెంటే అరవడం, గోల చెయ్యడం అలవాటు చేసుకున్నారు. రీళ్లు పోయాయి, ఆ అలవాటు మాత్రం పోలేదు. పెద్ద హీరో తెర మీదికి రాగానే హాలంతా ఊపిరి బిగబట్టి వెనక నుంచి ఈల కోసం ఎదురుచూస్తుంది. అది పడ్డాక ఇక ఎవరి గొంతు వాళ్లది.

ఇప్పుడాడుతున్నది పెద్ద హీరో సినిమా కాదు. ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకునే కథ. వేరే సినిమా కావాలంటే ఇదీ వేసుకోవాలని పంపిణీదారు అంటగడితే, యజమాని ఉమామహేశ్వర్లు గొణుక్కుంటూ వేసుకున్నాడు. మొదటి రోజు పట్టుమని పాతిక మంది లేరు. మర్నాడు తీసేద్దామనుకున్నారు. ఈలోగా వీరాంజనేయులు వేసిన ఒక్క ఈల సినిమాని నిలబెట్టింది. నిలబెట్టిందనాలో, నిలువునా పాతేసిందనాలో చెప్పలేం.

తెర మీద ఒకతనికి జ్వరం. రెండోవాడు పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తుంటాడు. జ్వరంలో ఉన్నవాడు ఆ చేతిని పట్టుకుని చెంపకి ఆనించుకుంటాడు. అంతే. ఆ రోజు హాల్లో ఎవరూ నవ్వలేదు. ఏం చెయ్యాలో తోచక ఊరుకున్నారు. ముందు వరసలోంచి సైకిల్ షాపు మాలకొండయ్య తల తిప్పి గేటు వైపు చూశాడు. ఎందుకు చూశాడో ఎవరికి తెలుసు, బయటికి దారి కోసమే అయ్యుండవచ్చు. వీరాంజనేయులు మాత్రం తనని చూసే చూశాడనుకున్నాడు. గుర్తొచ్చే చూశాడనుకున్నాడు. వెంటనే రెండు వేళ్లు నోట్లో పెట్టి, తనకీ ఆ తెరకీ ఏ సంబంధమూ లేదన్నట్టు, వెటకారంగా పొడుగ్గా ఈల వేశాడు. హాలు పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఎవరి ఫోన్లోకో ఎక్కి ఊళ్లు తిరిగింది. తర్లుపాడు నుంచి ఆటోలు మాట్లాడుకుని మరీ వస్తున్నారు, సినిమా చూడ్డానికి కాదు, దాన్ని చూసి నవ్వడానికి.

మాలకొండయ్యకి గుర్తొచ్చిందనుకున్నది నాగూర్ వలి సంగతి.

నాగూర్ వలి ఆ హాల్లో ఆపరేటరు. వీరాంజనేయులు కింద ఈల వేస్తే పైన అద్దం మీద వేలితో టక్కుమని కొట్టి జవాబు చెప్పేవాడు. వాళ్లిద్దరి మధ్యా ఉన్నది స్నేహమని ఊరు అనుకున్నంత కాలం ఏ బాధా లేకపోయింది. అది ప్రేమ. ఆ మాట వాళ్లిద్దరూ కూడా ఎన్నడూ పైకి అనలేదు. వాళ్లు ఆడించిన ఇన్ని సినిమాల్లో ఆ మాట ఇద్దరు మగవాళ్ల మధ్య ఎవరూ అనగా వినలేదు మరి. ఒకరోజు ఎవడో పని మీద చెప్పకుండా పైగదిలోకొచ్చాడు, వాళ్లిద్దర్నీ చూశాడు. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి, తర్వాత గుసగుసల అవసరం కూడా లేకపోయింది. వలి తల్లికి కారణం చెప్పకుండా పెద్దలు హడావిడిగా త్రిపురాంతకంలో సంబంధం ఖాయం చేశారు. శుభలేఖలు అచ్చయిన వారంలోనే మూతబడ్డ పలకల గనిలో, నీళ్లు నిలిచిన గుంటలో వలి తేలాడు. కాలు జారిందన్నారు. అందరికీ ఆ మాటే అనుకూలంగా ఉంది కాబట్టి అందరూ ఒప్పుకున్నారు. ఇది జరిగి పదేళ్లు దాటింది.

ఇప్పుడు పైగదిలో మనిషి లేడు. యంత్రం దాని పని అది చేసుకుపోతుంది. అయినా ఈల వేసిన ప్రతిసారీ వీరాంజనేయులు చూపు వెలుగొచ్చే ఆ కన్నం వైపు పోతుంది. అక్కడొక ముఖం ఉన్నట్టుంటుంది. అది కోపంగా చూస్తే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాడు. చూడదు, పక్కకి తిరిగి ఉంటుంది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుంటే ఆ తిప్పుకున్న ముఖమే కళ్ల ముందుంటుంది. భార్య అన్నపూర్ణ ఏమైందని అడగడం ఎప్పుడో మానేసింది.

జనం వెళ్లిపోయాక మాబూబీ చీపురు పట్టుకుని లోపలికొచ్చింది. నాగూర్ వలి తల్లి ఆమె. కొడుకు పోయాక జాలిపడి యజమాని హాలు చిమ్మే పనిచ్చాడు. జనం తెర మీదికి విసిరిన కాయితం ముక్కలు, పాప్‌కార్న్ డబ్బాలు ఒక పక్కకి లాగుతూ, నడుం పట్టుకుని నిలబడింది.

"నాయనా ఆంజనేయులూ, ఈ పొద్దు సాయంత్రం ఆట నేను సూస్తా."

"ఏ ఆట పెద్దమ్మా?"

"ఇదే. ఈ ఇద్దరు మొగపిల్లోళ్ల బొమ్మ."

"అది మంచి బొమ్మ కాదు. నీకెందుకది?"

"మంచిది కాకుంటే ఇంతమంది ఎందుకొస్తుండారు?" ఆమె మళ్లీ వంగి చిమ్మసాగింది. చిమ్ముతూనే చెప్పింది. "నిన్న బయట మెట్లు చిమ్ముతుంటే ఎవురో అన్నారు, ఈ ముసల్దాని కొడుకు గూడా ఈ బాపతేనంట అని. ఇన్నేండ్లాయె, మా వోడు ఏం బాపతో నాకు ఒక్కరూ చెప్పలా. అడిగితే కాలు జారినాడు అంటారు. పెండ్లి కుదిరిన పిల్లోడు ఆ గుంట కాడికి ఎందుకు పోయినాడో చెప్పరు. ఈ బొమ్మలో ఉంటే సూసి తెలుసుకుంటా."

"జనం నవ్వుతారు పెద్దమ్మా. ఉండబట్టలేవు నువ్వు."

"నవ్వుకోనీలే. నేను బొమ్మ సూస్తా గాని జనాన్ని సూస్తానా?"

వీరాంజనేయులు తిన్నగా యజమాని గదికి పోయాడు. ఉమామహేశ్వర్లు చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. పండగకి బట్టలు పెడతాడు, జ్వరమొస్తే సెలవిస్తాడు. తండ్రి కట్టించిన హాలు. దాన్ని పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టమని ఇంట్లోవాళ్లు రోజూ చెవిలో జోరీగల్లా పోరుతున్నారు. ఈ వారం వసూళ్లు చూసి వాళ్ల నోళ్లు మూతపడ్డాయి.

"అయ్యా, సాయంత్రం ఆటకి ఈల వద్దులెండి."

"ఏం?"

కారణం నాలుక చివరి దాకా వచ్చింది. వలి పేరు ఆ గదిలో పలకడానికి ధైర్యం చాలలేదు. "గొంతు బాగలేదయ్యా," అన్నాడు.

"ఈల గొంతుతో వేస్తార్రా?" యజమాని నవ్వి, అంతలోనే నవ్వు మానేశాడు. "ఈ పొద్దే గిద్దలూరు నుంచి మా తోడల్లుడు వస్తుండాడు. వాళ్ల హాల్లో వేసుకుంటాడంట. జనం ఎట్ల నవ్వుతుండారో కళ్లారా చూడాలంట. నువ్వు ఎయ్యకుంటే యాడ నవ్వాలో వీళ్లకి తెలీదురా."

"ఈ ఒక్క ఆటకే అయ్యా."

"నాకేమన్నా ఆ సినిమా మీద పగా? ఏడ్చేదానికొస్తే ఏడిపిస్తా, నవ్వేదానికొస్తే నవ్విస్తా. ఇది వ్యాపారం. ఈల ఎయ్యలేనంటే రేపటి నుంచి గేటు కాడికి ఇంకొకర్ని చూసుకుంటా. నీ ఇష్టం."

నలభై అయిదేళ్ల వయసులో, మోకాళ్లు అరిగిన మనిషికి ఈ ఊళ్లో ఇంకో పని ఎవరిస్తారు? పలకల ఫ్యాక్టరీల్లో ఉన్నవాళ్లకే పని లేదు. వీరాంజనేయులు తలూపి వచ్చేశాడు.

సాయంత్రం మాబూబీ ఉతికిన చీర కట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని వచ్చింది. ఊరికే పోయి కూర్చోమంటే వినలేదు, టిక్కెట్టు కొనుక్కుంది. అతను చింపిచ్చిన ముక్కని కొంగున ముడేసుకుంది. ముందు వరసల్లోవాళ్ల కంటబడకుండా అతను ఆమెని ఆఖరి వరసలో, తను నిలబడే చోటికి ఆనుకుని ఉన్న కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అదొక్కటే ఖాళీ. ఆట మొదలైన కాసేపటికి యజమానీ తోడల్లుడూ వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు.

మొదట్లో జనం మామూలుగానే ఉన్నారు. ఎక్కడ ఏముందో విని వచ్చినవాళ్లే అందరూ. దాని కోసం కాచుక్కూర్చున్నారు. మాబూబీ తెర మీంచి చూపు తిప్పలేదు. తెర మీద ఇద్దరూ అద్దెగది తీసుకున్నారు. ఒకడు వండితే రెండోవాడు ఉప్పెక్కువైందన్నాడు. ఆమె చిన్నగా నవ్వింది. ఆ నవ్వు విని వీరాంజనేయులు ఆమె వైపు తిరిగాడు. వారం రోజులుగా ఆ హాల్లో ఎవరూ అలా నవ్వలేదు.

జ్వరం వచ్చింది. తడిగుడ్డ వచ్చింది. హాలు మాటలాపేసింది. అక్కడొకడూ ఇక్కడొకడూ అప్పుడే మెడలు వెనక్కి తిప్పుతున్నారు. యజమాని తోడల్లుడి మోచెయ్యి తాకి, ఇక చూడమన్నట్టు గడ్డం ఎగరేశాడు. వీరాంజనేయులు వేళ్లు నోటి దగ్గరికి పోయాయి. అలవాటైన వేళ్లు, వాటిని ఎవరూ పంపక్కర్లేదు.

"మా వోడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు నువ్వు ఇట్లనే కూసున్నావు గదా నాయనా," అంది మాబూబీ, తెర మీంచి చూపు తిప్పకుండా.

అతని వేళ్లు పెదాల దగ్గరే ఆగాయి.

"తలుపు సందులోంచి సూసినా నేను. గుడ్డ ఆరినప్పుడల్లా తడిపినావు. కొడుక్కి మంచి సావాసగాడు దొరికినాడు అనుకుంటి." ఆమె కొంగున ఉన్న టిక్కెట్టు ముడిని పట్టుకుంది. "ఇదా. ఇదేనా ఊరంతా కలిసి నాకు చెప్పకుండా దాచింది. ఇంతేనా?"

తెర మీద జ్వరపు మనిషి ఆ చేతిని చెంపకి ఆనించుకున్నాడు. ఈల పడాల్సిన చోటొచ్చింది. హాలంతా ఎదురుచూసింది.

"ఏంది మామా, నిద్రపోయినావా?" ముందు నుంచి ఒకడు అరిచాడు.

యజమాని రెండడుగులు ముందుకొచ్చి పళ్లబిగువున అన్నాడు. "ఎయ్యరా."

వీరాంజనేయులు చెయ్యి కిందికి దించాడు. "ఎయ్యను."

మెల్లగా అందామనుకున్నాడు, గట్టిగానే వచ్చింది. నాలుగైదు వరసల దాకా వినపడింది. ఎవడో కుర్రాడు తనే ఈల వెయ్యబోతే గాలి వచ్చింది గాని ఈల రాలేదు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు అందుకునేవాళ్లు లేక అక్కడే ఆగిపోయింది. చెప్పేవాడు లేకపోయేసరికి నవ్వాలో మానాలో తెలియక జనం కుర్చీల్లో అటూ ఇటూ కదిలారు. అంతకుముందు ఏ ఆటలోనూ వినపడని మాట ఒకటి తెర మీంచి హాలంతా వినపడింది. "ఇంకాసేపు ఉండు," అంటున్నాడు జ్వరంలో ఉన్నవాడు.

వీరాంజనేయులుకి ఏడుపొచ్చింది. వలి జనాజా మోసిన రోజున నలుగురూ చూస్తున్నారని మింగేసిన ఏడుపది.

"ఆట వదిలినాక తాళాలు బల్ల మీద పెట్టి పో. మళ్లా నీ మొహం నాకు కనపడగూడదు," అన్నాడు యజమాని. తోడల్లుడు అప్పటికే ఫోన్ చూసుకుంటూ బయటికి నడిచాడు. ఆయన వెనకే యజమానీ పోయాడు.

జనంలో కొందరు మధ్యలోనే లేచి గొణుక్కుంటూ వెళ్లారు. కొందరు వెళ్లలేదు. ఎందుకు ఉండిపోయారో వాళ్లకే తెలియాలి. కథ నడుస్తూ పోయింది. తెర మీది ఇద్దర్నీ ఊరు తరిమింది. ఒకడు ఏటి గట్టున ఒంటరిగా నిలబడ్డాడు. నీళ్లు కనపడగానే మాబూబీ చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి వీరాంజనేయులు మణికట్టు పట్టుకుంది. చీపురు పట్టి పట్టి గరుకెక్కిన చెయ్యి అది.

"చివర్న ఇద్దరూ బతికుంటారా నాయనా?"

ఆ సినిమా వీరాంజనేయులు రోజుకి నాలుగాటలు చూస్తున్నాడు. చివర మాత్రం ఒక్కసారీ చూడలేదు. జనం తోసుకోకుండా ఆట వదిలే ముందే బయటికి పోయి తలుపులు తియ్యడం గేటు మనిషి పని. పాతికేళ్లుగా ఏ సినిమా చివరా అతనికి తెలియదు.

"తెలీదు పెద్దమ్మా. నేనూ చూడలేదు."

బయట నుంచి యజమాని కేక వినపడింది. "తలుపులు తియ్యరా, టైమయింది!"

వీరాంజనేయులు ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీ దించి, కూర్చున్నాడు.