గురువారం చొక్కా

గురువారం చొక్కాకి ముడతలన్నీ వీపు మీదే. మిగతా రోజుల చొక్కాలు కాలర్ దగ్గర మాస్తాయి, మోచేతుల దగ్గర నలుగుతాయి. గురువారం మాత్రం ఓస్వాల్దో డాక్టర్ లెర్నర్ గదిలో దివాను మీద వెల్లకిలా పడుకుని, మనసుకు తోచిందల్లా పైకి చెప్పి వస్తాడు. ఆ వీపు మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేయడం ఎనిమిదేళ్లుగా భార్య మిర్తా పని. పడుకునేది ఆయన, మాట్లాడేది ఆయన, గుండె తేలిక చేసుకునేది ఆయన. ముడతలు మాత్రం ఈవిడ వాటాకి వచ్చాయి.

బ్యూనస్ ఎయిర్స్‌లో ఇదేం వింత కాదు. మాంసం కొట్టువాడికీ, టాక్సీ నడిపేవాడికీ కూడా మనసు విప్పుకోవడానికి ఓ డాక్టర్ ఉంటారు. దానితో మిర్తాకి పేచీ లేదు. ఆ డాక్టర్ మాటలు ఇంటిదాకా రావడంతోనే పేచీ అంతా. సూపులో ఉప్పు మరిచిపోతే, "అది మరుపు కాదు మిర్తా, మొండితనం. లోపల నువ్వు ఎదురుతిరుగుతున్నావట. డాక్టర్ చెప్పింది" అనేవాడు. ఆమెకి కోపమొస్తే అది ఆయన మీద కాదట, చచ్చిపోయిన వాళ్ల నాన్న మీదట. కల వచ్చిందంటే చాలు, పొద్దున్నే మాతే ఆకుల కషాయం తాగుతూ దాని పొట్ట కోసి చూసేవాడు.

"సముద్రమంటే మీ అమ్మ."

"నేను చేపలు పడుతున్నాను, అంతే కదా!"

"చూశావా, ఎంత గట్టిగా కాదంటున్నావో!"

కలలు చెప్పడం మానేస్తే, దాచుకుంటున్నావన్నాడు. ఔనన్నా తప్పే, కాదన్నా తప్పే, నోరు మూసుకున్నా తప్పే. అత్తగారు చోలా అయితే, "అంత చదువుకున్నావిడ చెప్తోంటే వినడానికేం రోగం?" అనేది. మొగుడితో పోట్లాడొచ్చు, అత్తగారికి ఎదురు చెప్పొచ్చు. ముఖమైనా ఎరగని డాక్టర్‌తో ఏం పోట్లాడుతుంది? తను ఏనాడూ అడుగుపెట్టని గదిలో వారం వారం తన మీద తీర్పు జరుగుతోందనుకుని, మిర్తా తన ఇంట్లో తానే దోషిలా మసలుకోవడం నేర్చుకుంది.

పెళ్లికి ముందు ఆమె ఒక నాటకశాలలో దుస్తులు కత్తిరించేది. రాణుల గౌన్లు, సైనికుల కోట్లు, ఒకసారైతే ఎలుగుబంటి తోలు. ఇప్పుడు అక్కడి పెద్ద కత్తిరింపుదారు మానేస్తున్నాడు. పాత స్నేహితురాలు ఫోన్ చేసి, "ఆ బల్ల నీదేనే. నెలాఖరులోగా చెప్పు, లేకపోతే వేరేవాళ్లని పెట్టేస్తారు" అంది. మిర్తా ఆ రాత్రి ఆనందం పట్టలేక నిద్రపోలేదు. ఓస్వాల్దో మాత్రం గురువారం దాకా ఆగి, డాక్టర్ దగ్గర్నుంచి రాగానే తేల్చేశాడు. "అది పని మీద ఇష్టం కాదట. ఇంటి నుంచి పారిపోవడమట. డాక్టర్ చెప్పింది."

మరుసటి వారం ఆయన ఆఫీసు పని మీద మెండోసా వెళ్లాడు. రాకపోయినా డాక్టర్ ఆ గంటకి డబ్బు తీసుకుంటుంది, అది ఆవిడ నియమం. మిర్తా ఎండిపోయిన రొట్టెని కూడా పొడి చేసి దాచే మనిషి. ఎలాగూ డబ్బు కట్టే గంట గాలికెందుకు పోవాలి? పారిపోవడమంటే ఏమిటో ఆ మహాతల్లినే అడుగుదామని, మంచి గౌను వేసుకుని బయల్దేరింది.

ముందుగదిలో ఒక ముసలావిడ చాక్లెట్ చప్పరిస్తూ కూర్చుని ఉంది.

"కొత్తా అమ్మాయ్?"

"ఔనండీ. ఈవిడ బాగా సలహాలిస్తుందట కదా?"

ముసలావిడ పగలబడి నవ్వింది. "ఈవిడా? పదకొండేళ్లుగా వస్తున్నా. 'ఊఁ' అంటుంది. మా ఆయన కన్నుమూసిన వారం కూడా 'ఊఁ' అంది. తను నోరు విప్పితే మనం మూసేస్తామట. అలా ఊరుకుంటే మనమే మన గుట్టంతా కక్కుకుంటాం. అదీ వైద్యం!"

తలుపు తెరుచుకుంది. నెరిసిన జుట్టు, తీరని నిద్రతో అలిసిన కళ్లు. మిర్తా వైపు చూసి, "ఊఁ?" అంది డాక్టర్.

మిర్తాకి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. పొరపాటున వచ్చానని చెప్పి మెట్లు దిగింది. దారంతా ఒళ్లు మండిపోయింది. ఎనిమిదేళ్లు! నోరు విప్పని ఒక ఆడదాని నోట్లో తన మాటలన్నీ కుక్కి, మరో ఆడదాని నోరు మూయించాడు!

శనివారం మధ్యాహ్నం ఓస్వాల్దో ఊరి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

"గురువారం నీ గంట వృథా అవుతుందని నేను వెళ్లాను," అంది మిర్తా. "పనిలో చేరమంది డాక్టర్."

"అనదు!" ఫోర్క్ పళ్లెంలో పడింది. "అలా అననే అనదు. ఆవిడ అసలు ఏమీ..."

అంతలోనే నాలుక కరుచుకున్నాడు.

"ఊఁ," అంది మిర్తా.

అంతే, ఇంకేమీ అనలేదు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక ఓస్వాల్దోయే మొదలుపెట్టాడు. నీ మంచికే అన్నాడు. నేను చెప్తే వినవనే కదా అన్నాడు. సాయంత్రాలు ఇంటికొస్తే నువ్వు లేకపోతే ఎలా అన్నాడు. అమ్మే అలా చెప్పమంది అన్నాడు. చెప్పీ చెప్పీ, నోరెండిపోయి ఆగాడు.

మిర్తా లేచి, సొరుగు అడుగున ఉన్న పెద్ద కత్తెర తీసి, తుడిచి సంచిలో పెట్టుకుంది. కుర్చీ మీద ఉన్న చొక్కాల మూటని ఆయన ఒళ్లో పెట్టింది.

"సోమవారం నుంచి పనికి వెళ్తున్నాను. ఇవి నువ్వే ఇస్త్రీ చేసుకో. డాక్టర్ చెప్పలేదు ఓస్వాల్దో, నేనే చెప్తున్నా."