ముప్ఫై ఒకటో బండి

శుక్రవారం సాయంత్రం తనిఖీ ఆయన నా బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, స్టిక్కరు అంటించి, "ఇదేనా ఆఖరు?" అన్నాడు. అవునన్నాను. వచ్చే ఏడాది నుంచి యాభై దాటినవాళ్ళకి రేసు లైసెన్సు ఇవ్వరు. నాకు యాభై ఒకటి. మిగిలింది ఒకే ఒక్క రేసు, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. ఇరవై రెండేళ్ళుగా రేసు బైకులు తోలుతున్నాను. ఆ ఒక్కటీ తోలి ఆపేద్దామని వచ్చాను.

నాకు టీము లేదు. వారమంతా లేత్ మెషిన్ మీద పని. శని, ఆదివారాలు నా బండిని నా వ్యానులో నేనే తెచ్చుకుంటాను. మెకానిక్కు నేనే, వంట నేనే. మా ఆవిడ ఉన్నప్పుడు టైములు రాసేది, టైర్లు వేడెక్కించే దుప్పట్లు చుట్టేది. పోయి పదహారు నెలలైంది. ఒక్కడివీ ఎలా నెట్టుకొస్తున్నావని చాలామంది అడుగుతారు. అడిగినవాడెవడూ ఒక చెయ్యి వెయ్యడు.

పక్క వ్యాను వెల్డింగ్ ఆయనది. అతనూ నాలాగే టీము లేకుండా ఒంటరిగా తోలేవాడే. నోట్లో నువ్వుగింజ నానదు. నేను వ్యాను దిగీ దిగకముందే మొదలుపెట్టాడు.

"మీ బావమరిది కూడా వచ్చాడు. చివరి షెడ్డులో దిగాడు. నిన్ను అడిగాడు."

"నేను అడగలేదని చెప్పు."

"అంత బరువైన మాట అంత దూరం మోయాలంటే నాకు కూలి ఎవరిస్తారు?" అన్నాడు.

బావమరిది లిఫ్టులు బాగుచేస్తాడు. వాడికి బండి తోలడం నేర్పింది నేనే. నాదీ వాడిదీ ఒకే మోడలు, కలిసి వెళ్ళి కొన్నాం. వాళ్ళక్క ఆస్పత్రిలో ఉండగా వాడు రేసుకి వెళ్ళాడు. వాడు మూడోవాడిగా వచ్చిన గంటకి ఆవిడ పోయింది. మర్నాడు పొద్దున గుమ్మంలో నిలబడి, "అక్కే వెళ్ళమంది బావా" అన్నాడు. నన్నూ వెళ్ళమనే అంది. నేను వెళ్ళలేదు. ఆ తర్వాత వాడితో మాట్లాడలేదు.

శనివారం అందరికీ టైములు కట్టారు. నలభై మంది వచ్చారు, రేసులో చోటు ముప్ఫై మందికే. బావమరిది ముప్ఫయ్యోవాడు, నేను ముప్ఫై ఒకటోవాణ్ణి. తేడా సెకనులో పదో వంతు. ముప్ఫై మందిలో ఎవడైనా బండి తీయలేకపోతే ఆ చోటు నాది. రేసుకి పావుగంట ముందు ఆఫీసరు ఆ సంగతి తేలుస్తాడు. అందాకా తోలుబట్టలు తొడుక్కుని బండి పక్కన నిలబడాలి, ఎవరి బండి చెడుతుందా అని గద్దలా చూస్తూ.

ఆదివారం పొద్దున బావమరిది క్లచ్ కాల్చుకున్నాడు. మధ్యాహ్నం నా వ్యాను దగ్గరికి వచ్చాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"బావా."

నేను చైను తుడుస్తున్నాను.

"క్లచ్ ప్లేట్లు మాడిపోయాయి. నీ దగ్గర ఇంకో సెట్టు ఉండాలి."

"ఉంది."

మాలో ఒక పద్ధతుంది. టీము లేనివాడు సామాను అడిగితే ఉన్నవాడు ఇస్తాడు, అడిగినవాడు రేపు తనని ఓడించేవాడైనా సరే. నేనూ చైన్లిచ్చాను, లివర్లిచ్చాను, ఒకసారి ముందు చక్రమే విప్పి ఇచ్చాను. ఎవరికీ లేదనలేదు.

"ఇస్తావా?"

"ఇవ్వను."

వెల్డింగ్ ఆయన చేతిలో పానా వదిలేసి ఇటు తిరిగాడు.

"నేను దిగకపోతే చోటు నీది. తెలుసు బావా. అందుకే అయితే ఆ మాట చెప్పు, నేనే పేరు తీసేయించుకుంటాను."

"నువ్వు పెట్టే ముష్టి నాకక్కర్లేదు."

"మరి దేనికి?"

"మీ అక్క పోయేటప్పుడు పక్కన ఉన్నావా?"

"ఉండమని అక్క అడగలేదు బావా."

"అడిగితే ఉండేవాడు పనివాడు, తమ్ముడు కాదు."

నల్లటి చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

"ఇవ్వాల్సింది," అన్నాడు వెల్డింగ్ ఆయన.

"నీ క్లచ్ కాదుగా."

"నాదైతే ఈపాటికి బిగించి వచ్చేవాణ్ణి." వ్యాను తలుపు వేసుకున్నాడు.

పావు తక్కువ మూడింటికి ఆఫీసరు వచ్చాడు. "ముప్ఫయ్యో బండి రావట్లేదు. నువ్వు పద." బండిని గీత దగ్గరికి నేనే తోసుకెళ్ళాను. మామూలుగా ఎవరో ఒకరు వెనక చెయ్యి వేస్తారు. ఆ రోజు ఎవరూ వెయ్యలేదు. అలాంటి కబురు అక్కడ బండికన్నా ముందు పరిగెడుతుంది.

పన్నెండు చుట్ల రేసు. నాలుగు చుట్లలో ముగ్గుర్ని దాటాను. ట్రాక్ పక్కన గోడ దగ్గర ప్రతివాడికీ ఒక మనిషి ఉంటాడు. ఎన్నో స్థానం, ఇంకా ఎన్ని చుట్లు అన్నది బోర్డు మీద అంకెలు పెట్టి చూపిస్తాడు. నాకెవరూ లేరు. మనసులోనే లెక్కపెట్టుకుంటున్నాను.

ఐదో చుట్టు మొదట్లో గోడ మీద నా నంబరు కనిపించింది. కింద ఇరవై ఏడు. దాని కింద ఎనిమిది. బోర్డు పట్టుకున్నది బావమరిది.

నేను లెక్కపెట్టుకున్నదీ అంతే. ఆ పై చుట్టుకి ఇరవై ఆరు చూపించాడు. అదీ నిజమే. నాకు ఒళ్ళు మండింది. మండితే నేను బాగా తోలుతాను. ఎనిమిదో చుట్టులో వెల్డింగ్ ఆయన్ని లోపలి పక్క నుంచి దాటి ఇరవై నాలుగుకి వచ్చాను.

తొమ్మిదో చుట్టు మొదట్లో బోర్డు మీద అంకెలు లేవు. సుద్దతో పెద్దగా ఒకటే మాట: లోపలికి. రెండో చేత్తో బళ్ళు ట్రాక్ వదిలి షెడ్లలోకి మళ్ళే దారి వైపు ఊపుతున్నాడు.

నాకు అర్థమైందనుకున్నాను. నాలుగు చుట్లు నిజం చూపించి నమ్మించాడు, ఇప్పుడు పగ తీర్చుకుంటున్నాడు. క్లచ్ ఇవ్వనివాడి ఆఖరి రేసు చెడగొట్టడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. వాడి చోట నేనుంటే అదే చేసేవాణ్ణి. తల దించి ఎక్సలేటరు తిప్పాను.

మూడో మలుపులో వెనక చక్రం పట్టు వదిలేసింది. వీపు మీద జారుతూ పోయి గడ్డిలో ఆగాను. లేచి చూస్తే రోడ్డు మీద నేను వచ్చిన దారంతా నూనె చార. గేరు షాఫ్టు దగ్గర నూనె కారకుండా ఆపే సీలు ఊడి, నూనె వెనక టైరు మీద పడింది. పొగ నా వెనక లేస్తుంటే నాకు తెలియలేదు, గోడ దగ్గర ఉన్నవాడికి తెలిసింది. నా వెనకే వస్తున్న వెల్డింగ్ ఆయన ఆ నూనె మీదే జారాడు. బండి ఒక పక్క, మనిషి ఒక పక్క. ఎర్రజెండా ఊపి రేసు ఆపేశారు.

డాక్టరు గదిలో రెండు మంచాలు. నాకు దోక్కుపోయిన చర్మం తప్ప ఏమీ లేదు. వెల్డింగ్ ఆయనకి మణికట్టు విరిగింది, కుడిది, పని చేసే చెయ్యి. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బావమరిది వచ్చాడు. గడ్డిలో పడిపోయిన నా గ్లవ్ తెచ్చాడు.

"బావా, బోర్డు కనపడలేదా?"

వెల్డింగ్ ఆయన కదలడం ఆపి వింటున్నాడు. కనపడలేదంటే సరిపోయేది. ఎండ ఎదురుగా ఉంది, హెల్మెట్ అద్దం నిండా పురుగులు. ఎవరైనా నమ్మేవాళ్ళు.

"కనపడింది," అన్నాను.

"మరి?"

"పట్టుకున్నది నువ్వు కదా."

గ్లవ్ మంచం అంచున పెట్టాడు.

వెల్డింగ్ ఆయన గోడతో మాట్లాడినట్టే అన్నాడు. "నా వ్యాను ఇంటిదాకా ఎవరైనా తోలాలి."

"నేను తోలుతాను అన్నా," అన్నాడు బావమరిది. అతన్ని లేపి, బూట్లు తొడిగి, లేసులు కట్టి తీసుకెళ్ళాడు.

నా బండి ఎక్కించడానికి నేనెవరినీ అడగలేదు. హ్యాండిల్ వంగిపోయి నేరుగా పోవడం లేదు. వ్యానుకి ఆనించిన చెక్క మీంచి రెండుసార్లు వెనక్కి జారింది. మూడోసారి ఎక్కింది.